కాలువ వెంట బెజవాడ

బెజవాడ చూడనివాళ్లు ఉంటారేమోగానీ బెజవాడ స్టేషను చూడనివాళ్లు తక్కువ. చెన్నై పోయే రైలైనా, హౌరా పోయే రైలైనా, ఢిల్లీ పోయే రైలైనా ఇక్కడ కాసేపు ఊపిరి పీల్చుకోవాల్సిందే. దిగి ఓ ఇడ్లీ పొట్లం కొనుక్కుని, సీసాలో నీళ్లు పట్టుకుని, ఎండని తిట్టుకుంటూ మళ్లీ ఎక్కేస్తారు జనం. పుణెలో స్థిరపడ్డ మా బావగారిదీ అదే బాపతు. మా పెదనాన్నగారి అల్లుడాయన. పోయిన చలికాలం అక్కతో కలిసి మొదటిసారి రైలు దిగి రెండ్రోజులున్నారు. పొద్దున్నే దుర్గమ్మ దర్శనం అయ్యాక "ఇంకేముందోయ్ మీ ఊళ్లో చూడ్డానికి?" అన్నారు.

ఈ ప్రశ్నకి మా ఊరివాళ్లు చెప్పే జవాబు ఒకటే. "ఏముందండీ... బ్యారేజీ, భవానీ ద్వీపం, సాయంత్రం ఓ సినిమా." ఈ జవాబంటే నాకు చిరాకు. బ్యారేజీని కారు అద్దంలోంచి చూపించి అయిపోయిందనిపిస్తే ఎలా? ఈ ఊరిని నీళ్ల వెంట చూడాలి. నది దగ్గర మొదలుపెట్టి, కాలువ ఎటుపోతే అటు పోవాలి.

అందుకే బావగారిని ప్రకాశం బ్యారేజీ మీద నడిపించాను. కిలోమీటరు పైచిలుకు పొడవు, 70 గేట్లు. ఎగువన నిండుగా నీళ్లు, దిగువన ఇసుక తిన్నెలు. ఇది నాగార్జునసాగర్‌లా నీళ్లు దాచుకునేది కాదు. నదిని కాస్త పైకెత్తి అటూ ఇటూ కాలువల్లోకి మళ్లిస్తుంది, అంతే. ఆ 'అంతే' మీద దాదాపు పదమూడు లక్షల ఎకరాలు బతుకుతున్నాయి. 1833 నాటి డొక్కల కరువు గుంటూరు సీమని ఊడ్చేశాక గానీ దొరలకి ఆనకట్ట మాట పట్టలేదు. అది 1855కి పూర్తయింది. దాదాపు వందేళ్లు పనిచేసి 1952లో గండి పడింది. 1957కి ఇప్పటి బ్యారేజీ వచ్చి, దానికి ఆంధ్రకేసరి పేరు పెట్టారు.

"ఇవన్నీ కృష్ణ నీళ్లేనా?" అన్నారు బావగారు, రెయిలింగు మీంచి వంగి చూస్తూ. మంచి ప్రశ్న. జూన్, జూలైల్లో ఎగువనుంచి వరద రాని రోజుల్లో వస్తే ఇక్కడ కనిపించేవి గోదావరి నీళ్లు. 2015 నుంచి పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి.

అవతలి గట్టుకి చేరితే ఉండవల్లి గుహలు దగ్గరే. కొండని నాలుగంతస్తులుగా తొలిచారు. లోపల రాతిలో పవళించిన అనంతపద్మనాభుడు. పై అంతస్తు పూర్తికాకుండానే వదిలేశారు. నాకు ఆ సగంలో ఆగిన ఉలి గాట్లంటేనే ఎక్కువ ఇష్టం.

తిరిగొచ్చి బందరు రోడ్డులో బాపు మ్యూజియం చూశాం. ఒకప్పుడు విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1921లో అఖిలభారత కాంగ్రెసు కమిటీ సమావేశాలు బెజవాడలో జరిగినప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా అందించారు. ఆ ముచ్చట ఈ భవనంతోనే ముడిపడి ఉంది. ఆయనదీ డెల్టానే, భట్లపెనుమర్రు. సాయంత్రం గాంధీనగర్లో వెన్న వేసిన ఇడ్లీ, ఓ బండి దగ్గర అల్లప్పచ్చడితో పునుగులు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల ముందు అక్క గంటసేపు కదల్లేదు. బేరం మాత్రం బాగా ఆడింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది అందరూ చూపించే బెజవాడే. చీకటి పడకముందే వాళ్లని మా సింగ్‌నగర్ వైపు, బుడమేరు వంతెన మీదకి తీసుకెళ్లాను. గుర్రపుడెక్క, నల్లటి నీళ్లు, వాసన. "ఇదేం చూపిస్తావురా?" అని అక్క ముక్కుకి పమిట అడ్డం పెట్టుకుంది. నన్నడిగితే మాత్రం ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు దీన్నీ చూడాలి. 2024 సెప్టెంబరు 1న పుణెలో టీవీ ముందు కూర్చున్న బావగారు, కృష్ణ పొంగి మా ఇల్లు మునిగిందనే అనుకున్నారట. ఆ రెండ్రోజుల్లో బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలిన మాట నిజమే. కొట్టుకొచ్చిన పడవలు గేట్లని ఢీకొన్నాయి కూడా. కానీ మా ఇంట్లోకి వచ్చింది ఈ బుడమేరు. ఎగువన కట్టకి గండ్లు పడి, రాత్రికి రాత్రి కాలనీలన్నీ చెరువులయ్యాయి. మాది కింద వాటా. అమ్మా నాన్నా నేనూ మూడు రోజులు పై వాటావాళ్ల ఇంట్లో ఉన్నాం. నీళ్ల మధ్య కూర్చుని నీళ్ల ప్యాకెట్ల కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

బావగారు వంతెన మీద చాలాసేపు నిలబడ్డారు. "ఇంత చిన్నదా?" అన్నారు చివరికి. అంత చిన్నదే. నది గురించి పాటలు కట్టుకున్న ఊళ్లో ఈ ఏటిని పట్టించుకున్నవాళ్లు లేరు.

రెండో రోజు డెల్టాలోకి. ఆ వరద తర్వాత నీళ్ల పక్కకి రానని భీష్మించుకున్న అమ్మ, పెడన అనగానే తనే ముందు బండెక్కింది. కారణం తర్వాత చెబుతాను. 2022లో జిల్లాలు విడగొట్టాక కృష్ణ ఒడ్డున ఉన్న బెజవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది. కూచిపూడి, పెడన, బందరు మాత్రం కృష్ణా జిల్లాలోనే మిగిలాయి. మ్యాపు పట్టుకుని తిరిగేవాళ్లకి ఈ తికమక తప్పదు.

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. దారి పొడుగునా కాలువలు, వరి, చెరుకు. పామర్రు నుంచి కూచిపూడి ఎంతో దూరం లేదు. ఊరు చిన్నదే. రోడ్డు మీదికి తాళం, సొల్లు వినిపిస్తుంటే బావగారికి చెప్పకుండానే అర్థమైంది, ఎక్కడున్నామో. పక్కనే మొవ్వ, క్షేత్రయ్య ఊరు. ఇంకాస్త ముందుకెళ్తే ఘంటసాలలో బౌద్ధుల కాలం నాటి ఆనవాళ్లు. ఆ రెండూ మాకు కుదరలేదు.

పెడనలో మాత్రం మధ్యాహ్నమంతా ఉండిపోయాం. బందరు కలంకారీ అంటే అచ్చులతో అద్దేది. శ్రీకాళహస్తివాళ్లలా కలంతో గీసేది కాదు. బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఇనుప తుక్కూ బెల్లమూ రోజుల తరబడి నానేసిన ద్రావకంతో నలుపు అద్దుతారు. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దుతారు. అద్దినప్పుడు ఆ ఎరుపు కనిపించనే కనిపించదు. పారే నీళ్లలో జాడించి, రాగి డేగిశాలో రంగుతో ఉడికించాకే బయటపడుతుంది. నిలవ నీళ్లయితే అదనపు రంగు పోదు, పక్కకి అంటుకుంటుంది. కాలువ దగ్గరుండటమే ఈ పనికి పెట్టుబడి.

అమ్మ సంచిలోంచి ఓ పాత దుప్పటి తీసింది. వరద దిగాక ట్రంకుపెట్టె తెరిస్తే బట్టలన్నీ బురద ముద్దలు. పెళ్లినాటి పట్టుచీర రంగులు కారి పాడైపోయింది. ఉతికితే బాగుపడింది ఈ పెడన దుప్పటి ఒక్కటే. అచ్చులు అద్దే పెద్దాయన దాన్ని వెలుగులోకి పట్టి చూసి నవ్వాడు. "ఉడికిన రంగమ్మా ఇది. నీళ్లకి భయపడదు. ఎర్ర అంచు మా వాళ్ల పనిలాగే ఉంది." అలాంటి అంచే కావాలని అమ్మ ఇంకోటి తీసుకుంది. డబ్బులు బావగారు ఇవ్వబోతే "మీరుండండి అల్లుడుగారూ" అని గట్టిగానే ఆపేసింది.

బందరు పెడనకి పక్కనే. తొక్కుడు లడ్డు కొనకుండా వస్తే ఇంట్లోకి రానివ్వరు. శనగపిండిని నూనెలో వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంతో మళ్లీ రోట్లో తొక్కితే వచ్చే మెత్తదనం అది. బావగారు రెండు కిలోలు కట్టించుకున్నారు. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి మిగిలిపోయింది. అవనిగడ్డ మీదుగా వెళ్లాలి, దానికే ఒక రోజు పడుతుంది. సంక్రాంతికి వస్తామన్నారు. అమ్మ వస్తానందో లేదో మాత్రం ఇంకా తేల్చలేదు.