ఆకుపచ్చ ఆకు ఎప్పుడు వెలగాలి?

కొత్తగా కారు కొన్న ఫ్రెండ్స్ నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎకో మోడ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచేయొచ్చా?" హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు వంద దాటి చాలా కాలమైంది. ఈఎంఐ, ఇన్సూరెన్సు పోగా మిగిలిన జీతంలోంచే ట్యాంకు నిండాలి. అలాంటప్పుడు డాష్‌బోర్డు మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వెలిగితే, డబ్బులు మిగిల్చే బటన్ దొరికినట్టే ఉంటుంది. నేను మాత్రం "రోడ్డుని బట్టి" అని చెప్తా. ఆ జవాబులో సగం కారు మాన్యువల్ చదివి తెలుసుకున్నదైతే, మిగతా సగం మా నాన్న దగ్గర నేర్చుకున్నది.

నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఆర్టీసీలో డ్రైవర్ పనితనానికి ఒక కొలత కేఎంపీఎల్, అంటే లీటరు డీజిల్‌కి బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క. మా ఇంట్లో నా మార్కుల గురించి ఎంత మాట్లాడుకున్నారో, నాన్న కేఎంపీఎల్ గురించీ అంతే మాట్లాడుకున్నారు. ఆ బస్సుల్లో మోడ్ బటన్లు లేవు. దూరాన సిగ్నల్ ఎర్రబడటం కనిపించగానే నాన్న కాలు తీసేసేవారు. బస్సు ఉన్న ఊపుతోనే అక్కడిదాకా వెళ్లేది.

మరి మన కారులో ఎకో నొక్కితే ఏమవుతుంది? ఇంజిన్ ఏమీ మారిపోదు. ఇప్పటి కార్లలో యాక్సిలేటర్ పెడల్ ఎంత తొక్కామో ఒక సెన్సార్ కంప్యూటర్‌కి చెబుతుంది, పవర్ ఎంత ఇవ్వాలో కంప్యూటర్ చూసుకుంటుంది. ఎకోలో అంతే తొక్కినా పికప్ తక్కువ వస్తుంది. ఆటోమేటిక్ అయితే పై గేరుకి త్వరగా వెళ్లిపోతుంది, కింది గేరుకి రావడానికి బద్ధకిస్తుంది. చాలా కార్లలో ఏసీ కూడా కాస్త నెమ్మదిస్తుంది. ఒక్కమాటలో, తొందరపడే కాలుకి కళ్లెం వేస్తుంది. ముందే నెమ్మదిగా తొక్కే కాలుకి దీనివల్ల కలిగే లాభం కొంచెమే.

అందుకే ఎకోకి అసలు చోటు సిటీ ట్రాఫిక్. సాయంత్రం ఏడింటికి గచ్చిబౌలి నుంచి మియాపూర్ వెళ్లి చూడండి. ముందు కారు పదడుగులు కదలగానే మనమూ దూకుతాం, వెంటనే బ్రేకు. ఆ దూకుడుకి కాల్చిన పెట్రోలంతా బ్రేకుల దగ్గర వేడిగా మారి పోతుంది. ఎకోలో ఆ దూకుడు తగ్గుతుంది. వానకి తడిసిన రోడ్డు మీద చక్రం జారకుండా కదలడానికీ ఈ మెత్తదనం పనికొస్తుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో మాత్రం, ఏసీ చాలక చెమటలు కక్కుతూ నడపడం ఎందుకు? కారు చల్లబడేదాకా ఎకో తీసేసి, ఆ తర్వాత వేసుకుంటే సరి.

ఓఆర్ఆర్ లాంటి ఖాళీ రోడ్డు మీద, ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు ఎకో ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు. అక్కడ మైలేజీని తినేది స్పీడు. 80 నుంచి 100కి వెళ్తే గాలి ఎదురొత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎకో వేసుకుని వందలో పోయేవాళ్ల కంటే మామూలు మోడ్‌లో ఎనభైలో పోయేవాళ్లకే సాధారణంగా ఎక్కువ మిగులుతుంది.

ఇక తీసేయాల్సిన చోట్లు. పోయిన చలికాలం శ్రీశైలం వెళ్లాం. కారులో అమ్మ, నాన్న, చిన్నమ్మ, తమ్ముడు, నేను. డిక్కీ నిండా సామాను. డిండి దాటాక ముందొక పత్తి లోడు లారీ తగిలింది. ఎదురుగా రోడ్డు ఖాళీ. ముందు ఎకో తీసేసి, తర్వాత ఇండికేటర్ వేశాను. లారీని దాటి మా లైన్‌లోకి వచ్చాక నాన్న అడిగారు, "ఆకు ఎందుకు బంద్ చేసినవ్ బిడ్డా?"

"పికప్ కోసం నాన్నా" అన్నాను.

"మంచిగ చేసినవ్. లారీ పక్కన ఉన్నంతసేపు మనం రాంగ్ సైడ్ల ఉన్నట్టే. ఎంత జల్ది బయటపడితే అంత మంచిది. గాడ డీజిల్ లెక్క చూడొద్దు."

సర్వీసంతా లీటర్ల లెక్కతో బతికిన మనిషి ఆ మాట అన్నారు. వెనక యాభై మందిని కూర్చోబెట్టుకుని నడిపిన మనిషికి, ఏ లెక్క ఎక్కడ ఆపాలో తెలుసు. ఎకోలోనూ పెడల్ పూర్తిగా అణిస్తే చాలా కార్లు పవర్ ఇస్తాయి. కానీ గేరు దిగి అందుకునేలోపు ఒకటి రెండు సెకన్లు పోవచ్చు. 80 వేగంలో సెకనుకి కారు 22 మీటర్లు వెళ్తుంది. ఆ కాసేపట్లో మిగిలే పెట్రోలు కొన్ని చెంచాలు. ఓఆర్ఆర్ ఎక్కేటప్పుడు వేగంగా వచ్చే బండ్ల మధ్యలోకి దూరాలన్నా ఇదే లెక్క.

ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగుడు, కృష్ణ దాటాక సున్నిపెంట వైపు ఎక్కుడు. ఎక్కుడులో నిండు బండికి ఎకో వేస్తే పై గేరులో ఇంజిన్ మూలుగుతుంది, మనం ఇంకా తొక్కుతాం. మిగిలేదేమీ లేదు. దిగుడులో కొందరు పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ చేస్తారు. నిజానికి ఇప్పటి కార్లలో గేరులో ఉంచి కాలు తీసేస్తే ఇంజిన్‌కి ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగకుండా ఉండటానికే కొంత కాలుతుంది. పైగా ఇంజిన్ పట్టు పోయి, భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. నేను ఘాట్ దిగినంతసేపూ మాన్యువల్‌లో రెండో గేరే ఉంచాను.

ఎలక్ట్రిక్ స్కూటర్ల వాళ్లకీ ఇది వర్తిస్తుంది. వాటి ఎకో మోడ్‌లో టాప్ స్పీడే తగ్గిపోతుంది. గల్లీల్లో అది చాలు. వెనక ఒకరిని ఎక్కించుకుని, బస్సులు తరుముతున్న ఫ్లైఓవర్ ఎక్కేముందు మోడ్ మార్చుకోండి.

మీ కారు సంగతి మీరే తేల్చుకోవచ్చు. ఒకే బంకులో ఫుల్ ట్యాంకు చేయించి, మళ్లీ ఫుల్ చేయించేదాకా ఎకోలో నడపండి. తర్వాతి ట్యాంకు మామూలు మోడ్‌లో నడపండి. కిలోమీటర్లు, లీటర్లు ఫోన్‌లో రాసుకోండి. దారులు రెండుసార్లూ అవే ఉండాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. నాకు సిటీలో తేడా కనిపించింది, హైవేలో దాదాపు లేదు.

ఆ లెక్క ఇప్పటికీ నాన్నకి చెప్పాల్సిందే. ఏ ఊరు వెళ్లినా రాత్రికి ఫోన్ వస్తుంది. "మంచిగ చేరినవా బిడ్డా?" అని ముందు అడుగుతారు. "ఎంత ఇచ్చింది లీటర్‌కి?" అన్నది ఆ తర్వాతే.