బాయిలరు త్రాగు నీరు

గోదావరి నీరు త్రాగి పెరిగినవారమని మనకొక గర్వము గలదు. శ్రావణ భాద్రపదములలో నది యెఱ్ఱబాఱి వచ్చినపుడు మన పెద్దలయిండ్లలో స్త్రీలు ఇండుపగింజ నరగదీసి బిందెలో కలిపెడివారు. లేనిచో పటికముక్కను త్రిప్పెడివారు. తెల్లవాఱునప్పటికి బురద యడుగంటి నీరు అద్దమువలె తేరెడిది. అట్లు తేరినదానిని శుద్ధజలమనుట మన యలవాటు. తేటయైన నీటిలో నెన్ని దాగియుండునో నేను మొదట తెలిసికొన్నది ఒక బాయిలరు చెంత.

యౌవనమున డెల్టాలోని యొక కర్మాగారమున నీటిపరీక్ష గదిలో కొన్ని మాసములు పని నేర్చుకొంటిని. ఆవిరిచే నడచు పనులు మన సీమకు క్రొత్త గావు. కాగితపు మిల్లు, చక్కెర ఫ్యాక్టరీ, ఉప్పుడుబియ్యపు మిల్లు, విద్యుత్కేంద్రము, అన్నిటికిని ప్రాణము బాయిలరే. విద్యుత్కేంద్రమున బాయిలరులో పుట్టిన యావిరి టర్బైనును త్రిప్పి, పిదప చల్లబడి నీరై, మరల బాయిలరునకే పోవును. దారిలో తఱిగినంత మాత్రము క్రొత్తనీరు కలుపుదురు. ఈ నీటికి శత్రువులు ముఖ్యముగా రెండు: కరగిన లవణములు, కరగిన గాలి.

మొదటిదానిని గృహిణు లెఱుగుదురు. సముద్రతీర గ్రామములలో బోరునీరు కాచిన గిన్నె యడుగున తెల్లని పెచ్చు కట్టును. గిన్నెకైనచో చింతపండుతో తోమి వదలించుకొందుము. బాయిలరు గొట్టములో నదే పెచ్చు కట్టెనేని, మంటవేడి నీటికి చేరక యినుములోనే నిలిచిపోవును. ఇనుము కాగి, మెత్తబడి, ఉబ్బి, తుదకు పగులును. అందుకే నీటిని రెసిను పూసలగుండ నడిపి లవణములను తీసివేయుదురు.

రెండవ శత్రువు కంటికి కానరాదు. సామాన్యమైన వేడిమిలో లీటరు నీటియందు సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండును. భీమవరము ప్రాంతపు చేపల చెఱువులలో రాత్రివేళ నది తఱిగిన చేపలు చచ్చునని రైతులు యంత్రములతో నీటిని చిలికి గాలి కలుపుదురు. చెఱువులో చేపను బ్రతికించు నా వాయువే బాయిలరులో నినుమును తినివేయును. అదియు అంతట సమముగా తినదు. చెదపురుగు దూలమును తొలిచినట్లు ఒక్కచోట సూదిబెజ్జముగా తొలుచును. చుట్టు నినుము గట్టిగానే యుండును, బెజ్జమొక్కటి చాలును.

ఎసరు మరుగకముందు గిన్నె గోడలకు సన్నని బుడగలు పట్టుట చూచియే యుందురు. అవి చాలవఱకు వేడికి నీటినుండి వెలువడు గాలి. ఈ ధర్మముననుసరించియే బాయిలరునకు పోవు నీటిని ముందుగా నావిరితో కాచి గాలిని వెళ్లగొట్టుదురు. మిగిలినదానిని మందుతో హరింతురు. గొప్ప యొత్తిడితో నడచు కేంద్రములలో లీటరునకు 7 మైక్రోగ్రాములకు మించి ప్రాణవాయువు మిగులరాదని నియమము. మొదట నున్నదానిలో నిది వేయింట నొకపాలు! నీటిని కొంచెము క్షారగుణముగలదానిగా నుంచినచో ఇనుముపై పలుచని నల్లని పొర యేర్పడి దానిని కాపాడును.

ఇదంతయు నడచుట నీటిని పరీక్షించు మనుష్యునిపై నాధారపడియున్నది. మా గదిలో నట్టి వృద్ధుడొకడుండెను. జీతము స్వల్పము, గౌరవము అంతకన్న స్వల్పము. పూటపూటకు నీరు పట్టి, చల్లార్చి, మందుచుక్కలు వేసి, రంగు చూచి, అంకెను రిజిస్టరులో వ్రాయుట యాతని పని. ఒకనాడు పైయధికారి వచ్చి, “రోజూ అదే అంకె గదా! నిన్నటిదే వేసి పంపు” అనెను. వృద్ధుడు చేతులు కట్టుకొని, “నీళ్లు మనం రాసినట్టు వినవండీ, బాబూ!” అనెను. ఆ మాటకు ఫలముగా నాతనిని వేఱొక పనికి మార్చిరి. తరువాత నా పుట లన్నియు నొకే యంకెతో ముచ్చటగా నిండెను. కొన్ని వారములకు గొట్టమొకటి పగిలి, కొలిమి చెంత పనిచేయు కూలివాని చేయి మోచేతివఱకు ఉడికిపోయెను. పుస్తకమున నా దినము నంకెయు నిర్దోషముగానే యుండెను!

ఇది మన దేశపు జబ్బు మాత్రమే యనుకొనరాదు. జపానులోని మిహామా అణువిద్యుత్కేంద్రమున 2004 ఆగస్టు 9వ తేదీన ఆవిరి చల్లబడిన నీరు మరలిపోవు గొట్టము పగిలి, ఐదుగురు కార్మికులు మరణించిరి. ఆ నీటిలో అణుధూళి లేదు. వేడినీటి ప్రవాహమే లోలోపల నినుమును పలుచన చేసెను. పరీక్షింపవలసినవాటి పట్టికలో నా భాగము మొదటినుండి చేరలేదు. కేంద్రము నడచిన 28 సంవత్సరములలో దాని నెవ్వరును కొలిచి చూడలేదు. అంత నేర్పరులైన జాతికిని పట్టికలో లేని గొట్టము కంటబడలేదు.

పని లేకపోవుటయు బాయిలరునకు రోగమే. మన విజ్జేశ్వరమునను జేగురుపాడునను వాయువుతో నడచు విద్యుత్కేంద్రములు వెలసినవి. వానిలో టర్బైను విడుచు వేడిపొగతోనే బాయిలరులో మరల నావిరి పుట్టింతురు. కృష్ణా గోదావరీ సముద్రగర్భమున 2009లో ధారాళముగా వెలువడిన వాయువు త్వరలోనే క్షీణించి, 2013లో విద్యుత్కేంద్రములకు నిలిచిపోయెను. దానిని నమ్ముకొన్న డెల్టా కేంద్రములు కొన్ని చిరకాలము పనిలేక నిలిచెను. అట్లు నిలుపు బాయిలరును మందు కలిపిన నీటితో గాలి చొరకుండ నిండుగా నింపవలెను. లేదా చెమ్మ లేకుండ నారబెట్టి నత్రజనితో నింపవలెను. సగము తడి, సగము గాలిగా విడిచినచో, పనిలో నున్నప్పటికంటె శీఘ్రముగా తుప్పు పట్టును. మన గ్రంథాలయములు, సంఘములు, పాఠశాలలు నిట్లే సగము నడచి సగము నిలిచి పాడగుట చూచుచునే యున్నాము.

చట్టములకు కొఱత లేదు. 1863లో కలకత్తాలో బాయిలరు ప్రేలి ప్రాణనష్టము కలుగగా, మఱుసటి యేట బంగాళములో మన దేశమున మొదటి బాయిలరు చట్టము పుట్టెను. 1923లో దేశమంతటికి నొక చట్టము వచ్చెను. 2025లో దాని స్థానమున మఱియొకటి వచ్చెను. కాని తనిఖీ యధికారి యేడాదికొకసారి వచ్చును. నీరు గంటగంటకు మారును. ఈ నడిమి గంటలను కాచువాడు నీటిపరీక్షకుడే. వాని సత్యమునకు బహుమానము లేదు. వాని యసత్యమునకు శిక్ష మాత్రము కొలిమి చెంత నిలిచిన పేదవానికి పడును.

మన పిల్లలకు లెక్కలు నేర్పుచున్నాము. చూచిన యంకెనే వ్రాయుటయు, వ్రాయుమన్న యంకెను వ్రాయకుండుటయు నేర్పుచున్నామా? పాఠశాల ప్రయోగపుస్తకములో ప్రక్కవాని యంకె నెక్కించుకొన్న బాలుని “గడుసువా”డని నవ్వి విడుచుచున్నాము. ఆ గడుసుతనమే పెరిగి పెద్దదై రిజిస్టరు చేతబట్టును. ఆ బాలుని నాడే కూర్చుండబెట్టి మరల కొలిపించిన తల్లియు, ఉపాధ్యాయుడును, తామెన్నడును చూడని యొక కూలివాని చేతిని కాపాడినవారగుదురు.