పత్తిపువ్వు - పసిచేతులు

పువ్వు అనగానే మనకు మల్లెయో గులాబీయో స్ఫురిస్తుంది. పూజకు గాని, జడలోకి గాని పనికిరాని పత్తిపువ్వును పువ్వుల్లో లెక్కించేవారు అరుదు. పుష్పనిర్మాణం ప్రస్తావన వస్తే నాకు మాత్రం ముందుగా పత్తిపువ్వే గుర్తుకు వస్తుంది. మన ఒంటిమీది బట్టకు అది మూలం కావడం ఒక కారణం. దానిలోని భాగాలతో ఎందరో బాలికల బతుకు ముడిపడి ఉండటం రెండో కారణం.

పత్తి మందార కుటుంబానికి చెందిన మొక్క. పువ్వు అడుగున మూడు పచ్చని పత్రాలు, వాటి లోపల గిన్నె వంటి రక్షక పత్రావళి, ఆపైన లేత పసుపు రంగు ఆకర్షక పత్రాలు ఐదు ఉంటాయి. నడుమ కేసరాలన్నీ గొట్టంగా కలిసి కీలాన్ని చుట్టి ఉంటాయి. ఆ గొట్టం దాటి పైకి వచ్చే కొన కీలాగ్రం. అడుగున దాగి ఉండేది అండాశయం. కీలాగ్రాన్ని చేరిన పుప్పొడి రేణువు నుండి సన్నని పరాగనాళం మొలిచి, కీలం గుండా దిగి అండాన్ని చేరుతుంది. ఫలదీకరణం తరువాత అండాలు విత్తనాలవుతాయి. అండాశయం కాయ అవుతుంది. గింజ పైపొరలోని కణాలు సాగి దూదిపోగులవుతాయి. ఒక్కొక్క పోగు ఒకే ఒక కణమని తెలిసిన నాడు నేను చొక్కా అంచును వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఒకే పువ్వులో స్త్రీ, పురుష భాగాలు రెండూ ఉన్నందువల్ల పత్తి చాలావరకు తన పుప్పొడితోనే ఫలదీకరణం చెందుతుంది. తేనెటీగలు వాలితే పొరుగు మొక్క పుప్పొడి కూడా చేరుతుంది. ప్రకృతికి అంతటితో సరి. సంకర విత్తనం కోరే మనిషికి అది చాలదు. 1970లో సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4 వెలువడింది. వాణిజ్యస్థాయిలో సాగైన తొలి సంకర పత్తి అదే. దిగుబడి పెరిగింది, దానితోపాటు ఒక కొత్త కూలిపని పుట్టింది.

రేపు విచ్చబోయే మొగ్గను నేటి సాయంత్రమే గుర్తించి, ఆకర్షక పత్రాలను, కేసరాల గొట్టాన్ని బొటనవేలి గోటితో ఒలిచివేయాలి. అండాశయానికి గాయం తగలకూడదు. శాస్త్రం దీనిని విపుంసీకరణం అంటుంది. మర్నాటి ఉదయం మగ వరుసలోని పువ్వును తెచ్చి, దాని పుప్పొడిని ఆ కీలాగ్రానికి రాయాలి. రైతులు దీనిని క్రాసింగు అంటారు. తేనెటీగ చేయవలసిన పనిని పువ్వు పువ్వుకూ మనిషి వేళ్లే చేయాలి.

1990ల నాటికి నడిగడ్డలోను, నంద్యాల ప్రాంతంలోను ఈ పని చేసే వేళ్లు ఎక్కువగా బాలికలవే. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదని, వారి ఎత్తు మొక్కకు సరిపోతుందని చెప్పేవారు. పెద్దలు ఆ పని చేయలేక కాదు. పిల్లల కూలి తక్కువ కావడమే అసలు కారణం. తల్లిదండ్రులు ముందుగా తీసుకున్న అప్పు పిల్లను పొలానికి కట్టివేసేది. పూతకాలమూ బడికాలమూ ఒకటే కావడంతో చదువు ఆగిపోయేది.

బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాలకార్మికుల లెక్కలోకే వస్తుందని మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వాదించి, ఎందరో పిల్లలను పని నుండి బడికి చేర్చింది. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2016 సవరణతో, కొద్ది మినహాయింపులు తప్ప, 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలో పెట్టుకున్నా నేరమైంది.

చట్టంతోపాటు మరొకటి కూడా కావాలి. విత్తనం ధరలో పెద్దవారికి ఇవ్వవలసిన పూర్తి కూలి చేరాలి. కీలాగ్రం, అండాశయం అనే పేర్లు తెలియకపోయినా, వాటిని గాయపరచకుండా మొగ్గను ఒలిచే నేర్పు ఆ బాలికలకు ఉండేది. ఆ నేర్పుకు తగిన చదువే వారికి అందలేదు. పొలంలో క్రాసింగు పెద్దలు చేయాలి. పత్తిపువ్వు బొమ్మ గీసి, భాగాలను గుర్తించే పని బాలికలకు దక్కాలి.