విజయనగరంలో బస

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమునకు, అనగా విజయదశమి దాటిన పిదప వచ్చు మంగళవారమునకు, విజయనగరం పోదలచిన మిత్రులు లాడ్జి గది ముందుగా చెప్పియుంచుకొనకున్నచో బంధువుల యింటి అరుగే గతి యగునని మనవి. సిరిమాను చూడవచ్చు జనసముద్రమునకు ఆ యూర నున్న గదులు చాలుట కల్ల. తక్కిన దినములలో మూడు లాంతర్ల కూడలి దాపున బస దొరకిన చాలును. 1713 నాటి కోటయు, గంటస్తంభమును, గురజాడవారి యిల్లును కాలినడకనే చూచి రావచ్చును.

గది, వేన్నీళ్ళు, వైఫై అని మనము బేరమాడు ఈ యూరికే, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా 1919లో వెలసిన సంగీత కళాశాలను నమ్ముకొని, ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చిన్నతనమున వచ్చిరి. అది సెలవుల కాలమగుటచే అచటి గురువులు పట్రాయని సీతారామశాస్త్రిగారు తమ యింటనే పాఠము చెప్పగా, అన్నమునకై ఘంటసాలవారు జోలె తగిలించుకొని వీధివీధి తిరిగి మాధుకరము తెచ్చుకొనిరి. సత్రపు భోజనము అటుపిమ్మటి మాట. ఆ జోలెలో అన్నము పెట్టిన ఇల్లాండ్ర పేర్లు ఏ శిలాఫలకముననైన నున్నచో నే నొక పూట ఆగి చదువుకొందును.

ఉత్సవమునకు నేనైతే సిరిమానుకు ముందునాటి తొలేళ్ళ సాయంకాలమునకే చేరుదును. ఊరంతయు మేలుకొనియుండు ఆ రాత్రికి గది యద్దె శుద్ధ దండుగ.