సిపాయిల జాబులు – పాటకట్టుట

1914–18 సంవత్సరముల మహాయుద్ధమున ఫ్రాన్సునకేగిన భారతీయ సైనికుల జాబులనుండి యొక సంగీతరూపకమును గూర్పవలెనని తెనాలి, బాపట్ల, రేపల్లెలయందలి నెచ్చెలులము కొందఱము సంకల్పించితిమి. ఆ జాబులను సైన్యపు తనిఖీ కచ్చేరివారు విప్పి చదివి, కొన్ని భాగములను ఆంగ్లమున వ్రాయించిరి. అవి నేడు లండనునందలి బ్రిటిషు గ్రంథాలయమున నున్నవి. పెక్కులు పంజాబు మొదలగు ఉత్తరదేశములవారివి.

వ్రాయనేరని సిపాయి చెప్పగా నొకరు వ్రాసిరి. ఊరిలో మఱియొకరు చదివి వినిపించిరి. నడుమ దొరతనమువారి కన్ను! అందుచేత కొందఱు మనవారిని నల్లమిరియములనియు, తెల్లవారిని ఎఱ్ఱమిరపయనియు గుఱుతుగా వ్రాసిరి. మిరియము లయిపోవుచున్నవని విన్న తల్లి వంటింటి డబ్బా వంక చూచినదో, గుండె పట్టుకొన్నదో! మా రూపకమునకు ప్రాణమైన ఘట్టమిదియే.

1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా నాడి పాడిన సీమ మాది. రాగము సాగదీయనిదే ఇచ్చటి సభ తృప్తినొందదు. అయినను జాబునకు దీర్ఘాలాపన తగదని మా పట్టు. భాగవతమున రుక్మిణి మాటలను అగ్నిద్యోతనుడు విన్నవించినట్లు, చదువరి కంఠమున సిపాయి పలుకవలెను.

యుద్ధభేరి లేని యుద్ధనాటకమెట్లని మావారు పరిహసించిరి. భేరిని తెరవెనుక నుంచితిమి. ఇక ఇల్లాలి ప్రత్యుత్తరమును మేమే కల్పింపవలసియున్నది. ఆమెయు వంటింటి భాషలోనే వ్రాయించవలెను గదా!