తొండకు పెట్టిన ఆకుకూర

సిడ్నీలో ఉన్న నా మనవడు ఒక తొండను పెంచుతున్నాడని విన్నప్పుడు నవ్వు వచ్చింది, కొంత జుగుప్స కూడా కలిగింది. నిరుడు జూన్‌లో అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు దానిని కళ్ళారా చూశాను. అక్కడ అది చలికాలం. దానిని బియర్డెడ్ డ్రాగన్ అంటారు. మూరెడు పొడవు ఉంటుంది. కోపం వస్తే గొంతు కింది ముళ్ళ గడ్డం నల్లగా ఉబ్బుతుంది.

దైవప్రవక్త (స) దస్తర్‌ఖాన్ మీదికి వచ్చిన ‘దబ్బ్’ వృత్తాంతాన్ని మద్రసాలో ఏళ్ళ తరబడి బోధించాను. ఆయన దానిని తినలేదు, నిషేధించనూ లేదు. హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) తిన్నారు. దబ్బ్ అంటే ఉడుము అనే విద్యార్థులకు చెబుతూ వచ్చాను. అది ఉడుము కాదనీ, ప్రధానంగా ఆకులు మేసే ఎడారి ప్రాణి అనీ, ఈ తొండా అదీ ఒకే కుటుంబానికి చెందినవనీ పన్నెండేళ్ళ మనవడు చెబితే తెలుసుకున్నాను.

వాడి బెంగ వేరు. ఈ జాతి పిల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా పురుగులు తింటుంది, పెద్దదయ్యాక ఆహారంలో అధికభాగం ఆకులే కావాలి. పురుగులకు అలవాటుపడిన ఇది ఆకును ముట్టదు. ‘‘నానా, పిల్లిని కట్టేసి తిండి పెట్టని స్త్రీ గురించి అమ్మీ చెప్పింది. ఆమె దానిని వదిలిపెట్టనూ లేదు. నేను దీన్ని వదలడానికి ప్రభుత్వం ఒప్పుకోదు, పెంచడానికే లైసెన్సు ఉంది. మరి ఇది తినకపోతే?’’ అని అడిగాడు. నలభై హదీసులు కంఠస్థం చేయించిన నాకు వెంటనే జవాబు తోచలేదు.

వాడు బడికి వెళ్ళాక ఆ పని నాది. మన గుంటూరు అలవాటు కొద్దీ పాలకూర తరిగి పెట్టాను. ముట్టలేదు. ఆకలి వేస్తే అదే తింటుందని పురుగులు మానిపించాను. నాలుగు దినాలు గడిచాయి. అది కళ్ళు మూసుకొని మూలన పడి ఉంది. మనవడు నాతో మాట్లాడటం మానేశాడు.

పశువైద్యురాలు ఆకుల సంగతి అడగలేదు, మొదట దీపం సంగతి అడిగారు. అది కూర్చునే రాయి మీద సుమారు 40 డిగ్రీల వేడి ఉండాలట. లేకపోతే తిన్నది అరగదు, ఆకలీ పుట్టదు. అతినీలలోహిత కిరణాల దీపం వెలుగుతున్నట్టే కనిపించినా కొన్ని నెలలకు దాని శక్తి తగ్గిపోతుందట. మా దీపం పాతది. పాలకూర తరచుగా పెట్టవద్దని కూడా చెప్పారు, అందులోని ఆక్సలేటు సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదట.

ఆ రాత్రి నాకు ఒక విద్యార్థి గుర్తుకు వచ్చాడు. ఏడాదంతా పాఠం అప్పజెప్పలేకపోయిన బాలుడు. మొండివాడని వెనుక వరుసలో కూర్చోబెట్టాను. వాడికి చూపు సరిగా లేదని, వాడు మద్రసా మానేశాక వాళ్ళ అబ్బా చెప్పారు.

దీపం మార్చాము. పొద్దున్నే, ఒళ్ళు వేడెక్కాక, పురుగుల కంటే ముందు ఆవాకు సన్నగా తరిగి, గుమ్మడి తురుము కలిపి, పైన రెండు పురుగులు వేసి పెట్టేవాళ్ళం. పురుగుతో పాటు ఆకు ముక్క నోటికి అంటుకునేది, మొదట ఉమ్మేసేది. పదకొండో రోజున ఎర్ర మందారపు రేకును నమిలి మింగింది. మనవడు నా భుజం పట్టుకొని ఊపాడు.

మొన్న ఫోను చేశాడు. ఆవాకు తిన్నదట, గుమ్మడి వదిలేసిందట. వదిలేయనివ్వు, రేపు పొద్దున్న మళ్ళీ పెట్టు అన్నాను.