రతన్‌పూర్: మంటలో ఎరుపెక్కే రాయి

గుజరాత్‌లో నర్మదకు దక్షిణాన, భరూచ్ జిల్లా ఝగడియా తాలూకాలో రతన్‌పూర్ ఉంది. పేరులో రత్నమున్నా, అక్కడి నేలలోంచి పైకొచ్చే రాయి చూడ్డానికి మట్టిగడ్డే. అకీకు అంటారు దాన్ని. మన పాతబస్తీలో వెండి ఉంగరాల్లో పొదిగి అమ్మే ఆ ఎర్రరాయే.

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ను లావా ముంచెత్తింది. వికారాబాద్ నల్లరాయి, రాజమండ్రి పక్కన కాతేరు నల్లరాయి ఆనాటివే. లావా గడ్డకట్టేటప్పుడు లోపల చిక్కిన గాలిబుడగలు బొర్రలుగా మిగిలాయి. వాటిలోకి ఊరిన నీళ్లు తెచ్చిన సిలికా పొరమీద పొరగా పేరుకుని అకీకు అయింది. చుట్టూ ఉన్న నల్లరాయి చివికిపోయినా ఇది చెక్కుచెదరలేదు. ఏరులు దొర్లించుకుపోయి గులకరాళ్ల పొరల్లో పడేశాయి. ఆ పొరల దాకా బావుల్లా గోతులు తవ్వుతారు.

అసలు విచిత్రం ఎరుపులో ఉంది. తవ్వినప్పుడు చాలా రాళ్లు మాసిన పసుపే. ఎండబెట్టి, కుండల్లో పెట్టి, పేడ మంటలో కాలిస్తే లోపలి ఇనుములో చేరిన నీటి అంశ పోయి ఎరుపెక్కుతాయి. ఆవంలో ఇటుక ఎర్రబడినట్టే అనుకోండి.

ఊరి గుట్టమీద బాబా ఘోర్ దర్గా ఉంది. ఆయన అబిసీనియా నుంచి వచ్చాడనీ, అకీకు పనికి ఆయనే పెద్దదిక్కనీ చెబుతారు. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఆయన్ను తమ పీరుగా కొలుస్తారు. ఆ గుట్టను పట్టుకున్న మఖన్ దేవి అనే రాక్షసిని అణచడానికి ఆయన వచ్చాడట. ఆడదాని మీద మగవాడి బలం చెల్లలేదు. చివరకు చెల్లెలు మాయి మిశ్రా వచ్చి రాక్షసిని భూమిలోకి తొక్కేసింది. పేరు అన్నది, పని చెల్లెలిది! మన గ్రామదేవతల కథలు విన్నవాళ్లకు ఇదేమీ కొత్తగా తోచదు.

ఈ రాళ్లు పూసలయ్యేది గుజరాత్‌లోనే ఉన్న ఖంభాత్‌లో. నేలలో పాతిన ఇనుప మొనకు రాయిని ఆనించి, గేదెకొమ్ముతో చేసిన సుత్తితో కొడతారు. పెచ్చు మొన ఆనిన వైపు నుంచి లేస్తుంది. ఆ దగ్గర్లోని లోథాల్‌లో హరప్పా కాలపు పూసల కార్ఖానా బయటపడింది. సింధు నాగరికత పొడుగు పూసలు ఇరాక్‌లోని ఊర్ రాజ సమాధుల దాకా వెళ్లాయి.

చెక్కడం తర్వాత సానపట్టాలి. అప్పుడు లేచే తెల్లటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కడుతుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. పని చాలావరకు ఇళ్లలోనే సాగడంతో, సానరాయి ముట్టని పక్కింటివాళ్లలో కూడా వైద్యులు ఆ జబ్బు చూశారు.